రెండు ప్రక్కలూ విన్నాక



ప్రయాణంలో మనం చూడాలని బయలుదేరేది ఒకటి, చూచి వచ్చేది మరొకటి. గత చలికాలంలో నేనూ మా కడసారి అబ్బాయీ కలకత్తా వెళ్ళాము. 2001 నుండి ఆ నగరం పేరు కోల్‌కతా. అయినా మా వయసు వారి నోట అది ఇంకా కలకత్తాయే. మా మేనల్లుడు అక్కడికి దగ్గరలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపూరులో వేదాంత విద్య చదువుచున్నాడు. అతనిని చూడాలని, విలియం కేరీ గారు పాటుపడిన ఊరును, 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయిన చోటును కళ్ళారా చూడాలని నా కోరిక. అవన్నీ చూచి సంతోషించాను. అయితే ఈ నెల మీకు వ్రాయదలచింది వాటిని గూర్చి కాదు. కలకత్తాలో ఒక పాత రికార్డుల కొట్టులో, చెక్కబల్ల మీద కూర్చుని నేను నేర్చుకున్న సంగతిని గూర్చి.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి.

మా అబ్బాయికి సంగీతమంటే ప్రాణం. ఇంట్లో ఉన్నంతసేపూ చెవులలో ఇయర్‌ఫోన్లే. అన్నం దగ్గర ఒక చెవి మనకిస్తే అదే గొప్ప. నేనేమో సంఘపు పెద్దను. "మీ వాడు ఎప్పుడూ ఏవో పాటలు వింటూ ఉంటాడండీ" అని ఎవరైనా అంటే నాకు తలవంపుగా ఉండేది. ప్రయాణానికి వారం రోజుల ముందు ఒక సాయంత్రం మూడుసార్లు పిలిచినా పలకలేదని కోపం పట్టలేక, ఆ తీగలను వాని చెవుల నుండి లాగి రెండుగా తెంచివేశాను. "ఏమిట్రా ఈ దిక్కుమాలిన గోల?" అని కేకలు వేశాను. వాడు ఎదురు చెప్పలేదు. తెగిన తీగ తీసుకొని లోపలికి పోయాడు. రాజమండ్రిలో రైలెక్కింది మొదలు హౌరాలో దిగేదాక "టీ తాగుతారా నాన్నా?", "సామాను నేను పట్టుకుంటాను నాన్నా" అనే మాటలు తప్ప మా మధ్య మాటలు లేవు.

శ్రీరాంపూరు చూచిన మరునాడు శనివారం. మధ్యాహ్నం కలకత్తాలో న్యూ మార్కెట్ దగ్గర తిరిగాము. ఇంట్లో వారికి రెండు దుప్పట్లు కొన్నాను. అప్పుడు వాడు మెల్లగా, "నాన్నా, ఇక్కడికి దగ్గరలోనే ఫ్రీ స్కూల్ స్ట్రీట్ ఉంది. ఒక్క పావుగంట వెళ్ళొస్తాను. మీరు ఇక్కడ కూర్చోండి" అన్నాడు. ఒకప్పుడు అక్కడ ఉచిత పాఠశాల ఉండేదట, అందుకే ఆ పేరు. ఇప్పుడు దానికి గాలిబ్ కవి పేరు పెట్టి మీర్జా గాలిబ్ వీధి అంటున్నారు. పాత గ్రామఫోను రికార్డుల కొట్లకు అది పేరుపడిన చోటు. తెలియని ఊరిలో పిల్లవానిని ఒంటరిగా పంపడమెందుకని నేనూ వెంట నడిచాను.

చేతితో లాగే రిక్షాలు, పాత పుస్తకాల కొట్లు, భోజనశాలల పొగ దాటి ఒక చిన్న కొట్టు ముందు ఆగాము. లోపల నేల నుండి పైకప్పు దాక రికార్డులే. మనిషి ప్రక్కకు తిరిగితే గాని నడవలేడు. ఆ సందులోనే ఒక బల్ల, నాలుగు పీటలు. కొట్టు యజమాని డెబ్బై దాటిన వృద్ధుడు. ఆయన చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. ఒకాయన రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు, ఒకమ్మాయి కాలేజీ విద్యార్థిని, మిగిలిన ముగ్గురు ఏవో ఉద్యోగాలలో ఉన్నవారు. ఎవరికి ఎవరూ బంధువులు కారు. శనివారం వీలైనప్పుడల్లా ఇలా కలుస్తారట. ఒక్కొక్కరు ఆ వారం తమకు ఇంపుగా తోచిన రికార్డు ఒకటి తెస్తారు. దానిని అందరూ కలిసి వింటారు.

ఆ వృద్ధుడు మాకు చోటిచ్చి, మట్టి ముంతలలో టీ తెప్పించి, ఇంగ్లీషులో ఒక మాట చెప్పాడు. మా అబ్బాయి నాకు తెలుగులో చెప్పాడు. "ఇక్కడ రెండే నియమాలు. ఒక ప్రక్క పూర్తిగా అయ్యేదాక ఎవరూ మాట్లాడరాదు. అయిన తరువాత మొదట నచ్చిందేమిటో చెప్పాలి. నచ్చనిది ఆ తరువాతే."

రికార్డు మార్చే వ్యవధిలో ఆయన ఎన్నో సంగతులు చెప్పాడు. ఆల్బమ్ అనే మాట మనమంతా వాడతాము గదా, దాని పుట్టుక నాకు అంతవరకు తెలియదు. పాతకాలపు ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషాల కంటే ఎక్కువ పట్టేది కాదు. అరగంట సంగీతం కావాలంటే నాలుగైదు ప్లేట్లు ఉండాలి. వాటిని మనం ఫొటోలు దాచుకునే ఆల్బమ్ వంటి పుస్తకంలో, ఆకుకొక ప్లేటు చొప్పున పెట్టి అమ్మేవారు. 1909లోనే రష్యా దేశపు చైకోవ్‌స్కీ సంగీతం నాలుగు ప్లేట్ల ఆల్బమ్‌గా వచ్చింది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వారు ప్రక్కకు ఇరవై నిమిషాలకు పైగా పట్టే లాంగ్ ప్లే రికార్డు తెచ్చారు. పుస్తకం పోయి ఒక్క ప్లేటు మిగిలింది గాని, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

"కాబట్టి ఆల్బమ్ అంటే ఒక్క పాట కాదు" అన్నాడాయన. "ఒకరు ఆలోచించి వరుసగా కూర్చిన పాటల కుటుంబం. కుటుంబంలో ఒక్కరిని చూచి అందరినీ గూర్చి తీర్పు చెప్పకూడదు గదా."

గ్రామఫోను చరిత్రలో కలకత్తాకు పెద్ద చోటే ఉంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు ఇంగ్లాండు నుండి ఇక్కడికి వచ్చి గౌహర్ జాన్ అనే గాయని పాటలు రికార్డు చేశాడు. ఆ రోజులలో పాట ఇక్కడ పట్టినా, ప్లేట్లు మాత్రం జర్మనీలోని హానోవర్‌లో తయారై ఓడలో రావాలి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. పేరు వింటే ఏ ప్లేటు ఎవరిదో అక్కడి పనివారు పోల్చుకుంటారని అలా చెప్పేదంటారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం వచ్చింది. తరువాత అది డమ్‌డమ్‌కు మారింది. మన ఇళ్ళలోని కుక్క బొమ్మ ప్లేట్లు ఎన్నో అక్కడివే.

ఆయన ఒక 78 ప్లేటు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది దేనితో చేశారో తెలుసా? లక్కతో" అన్నాడు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే. మన పిల్లలు ఆడుకునే లక్కపిడతల మీద, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే. దానిలో రాతిపొడి, నల్లరంగు కలిపి, కాచి అచ్చు వేస్తే ఆ ప్లేటు. ఆనాడు ప్రపంచమంతటా తిరిగిన ప్లేట్లకు చాలావరకు మన దేశపు అడవుల లక్కే వెళ్ళేదట. "జాగ్రత్త! లాంగ్ ప్లే రికార్డు క్రింద పడినా ఫరవాలేదు. ఇది పడితే కుండలా పగులుతుంది" అన్నాడు.

ఆ సంగతి నాకు ఆయన చెప్పనక్కరలేదు. ఆ పగిలే చప్పుడు నాకు తెలుసు.

అది 1967. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ సంవత్సరమే మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. మా ఇంట్లో ఒక కీ గ్రామఫోను ఉండేది. మిషను దొరసానమ్మ గారు స్వదేశం వెళ్తూ మా తాతగారికి ఇచ్చిన పెట్టె అది. దానితో వచ్చిన ప్లేట్లన్నీ భక్తి పాటలే. మా అన్నయ్యకు పదిహేడేళ్ళు. మంచి గొంతు. గుడిలో కీర్తన ఎత్తుకుంటే అందరూ వాని వెంట పాడవలసిందే. ఒకరోజు వాడు పట్నం నుండి ఒక సినిమా పాట ప్లేటు కొని తెచ్చాడు. దానిని పెట్టె మీద పెట్టి కీ త్రిప్పుచుండగా మా నాన్నగారు లోపలికి వచ్చారు. సినిమా బొమ్మ చూచారు. ముల్లు ఇంకా ప్లేటును తాకలేదు. నాన్నగారు దానిని తీసి గుమ్మం రాతికేసి కొట్టారు. అన్నయ్య ఆ ముక్కలన్నీ ఏరి కండువాలో మూటకట్టుకున్నాడు. ఆ తరువాత వాడు గుడికి వచ్చేవాడు గాని పాడేవాడు కాదు. రెండేళ్ళకు భిలాయి ఉక్కు కర్మాగారంలో పని దొరికి వెళ్ళిపోయాడు. పెండ్లిళ్ళకూ భూస్థాపనలకూ వచ్చాడు, పోయాడు. మా నాన్నగారు మంచివారు, ప్రార్థనాపరులు. ఆయనను తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. ఆయన కుమారుడనైన నేను అదే పని చేశానని చెప్పడానికి వ్రాస్తున్నాను.

నేను మౌనంగా ఉండడం చూచి ఆ వృద్ధుడు, "మీకు ఏది పెట్టమంటారు?" అని అడిగాడు. నాకు తెలిసిన పేరు ఒక్కటే గుర్తుకు వచ్చింది. మా పెట్టెతో వచ్చిన ప్లేట్లలో ఒకటి మహాలియా జాక్సన్ అనే నల్లజాతి సహోదరిది. ఆ పేరు చెప్పగానే ఆయన ముఖం వికసించింది. నిచ్చెన ఎక్కి ఆమె ఆల్బమ్ ఒకటి దించాడు. ఒక ప్రక్క అంతా విన్నాము. ఇంగ్లీషు మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. అయినా ఆ గొంతులో మా అమ్మ, మా ఊరి గుడి, పెట్రోమాక్స్ దీపం క్రింద జరిగిన రాత్రి కూడికలు అన్నీ కనబడ్డాయి. నచ్చిందేమిటో చెప్పమంటే మాట రాలేదు. వారు తొందరపెట్టలేదు.

తరువాత తలా ఒక మాట చెప్పారు. రైల్వే ఆయన, "1971లో ఆమె మన దేశం వచ్చింది. ఈ నగరంలోనే పాడింది. ఢిల్లీ, మద్రాసు, బొంబాయిలలో కూడ పాడింది. 1972 జనవరిలో చనిపోయింది" అన్నాడు. మరొకాయన, 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ గారు ప్రసంగించిన మహాసభలో ఆమె పాడిన సంగతి చెప్పాడు. బార్లలోనూ క్లబ్బులలోనూ పాడితే ఎంతో డబ్బు వచ్చేది, అయినా భక్తి పాటలు తప్ప పాడనని జీవితాంతం నిలబడిందట. నేను గర్వంగా మా అబ్బాయి వైపు చూచాను.

అప్పుడు ఆ కాలేజీ అమ్మాయి మాట్లాడింది. "ఆమె అంత బాగా పాడడం ఎక్కడ నేర్చుకుందో తెలుసా అంకుల్? న్యూ ఆర్లియన్స్‌లో చిన్నతనంలోనే తల్లి చనిపోతే, తల్లి తోబుట్టువు పెంచింది. ఆవిడ చాలా కట్టుదిట్టమైన మనిషి. లోకసంబంధమైన పాట ఇంట్లో వినబడకూడదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఈ పిల్ల బెస్సీ స్మిత్ అనే బ్లూస్ గాయని రికార్డులు పెట్టుకొని వినేది. గొంతు నింపి పాడడం వాటిని విని నేర్చుకుంది. పెద్దయిన తరువాత దానిని దేవుని పాటకు ఇచ్చింది."

చదువరులారా, ఆ మాట నాకు బాణంలా తగిలింది. ఆ ఇంట్లో ఎవరైనా ఆ రికార్డులను గుమ్మానికేసి కొట్టి ఉంటే?

తరువాత వంతు మా అబ్బాయిది. వాడు నా వైపు చూచి తటపటాయించాడు. "పరవాలేదు, చెప్పరా" అన్నాను. కీత్ జారెట్ అనే అమెరికా పియానో వాద్యకారుని "కోల్న్ కాన్సర్ట్" ఆల్బమ్ అడిగాడు. అది కొట్టులో ఉంది. మొదటి ప్రక్క 26 నిమిషాలు. మాటలు లేవు, పాట లేదు, పియానో ఒక్కటే. మొదటి ఐదు నిమిషాలు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. లేచి బయటకు పోదామనిపించింది. నియమం ఉన్నది గనుక కూర్చున్నాను. పది నిమిషాలయ్యాక, ఏదో ఒక చిన్న పలుకు మరలా మరలా వస్తున్నదని గమనించాను. ఏతం తొక్కేటప్పుడు వచ్చే ఊపు వంటిది. ఆ తరువాత కాలం తెలియలేదు.

ముల్లు లేచాక వాడు ఆ కథ చెప్పాడు. 1975 జనవరి 24 రాత్రి, జర్మనీలోని కోల్న్ నగరపు ఒపేరా హాలు. ఏర్పాటు చేసింది ఇంకా ఇరవై నిండని వేరా బ్రాండెస్ అనే యువతి. వాద్యకారుడు అడిగిన పియానో ఒకటి, వేదిక మీద పెట్టింది వేరొకటి. చిన్నది, పాతది. పై స్వరాలు గరగరమంటున్నాయి, క్రింది స్వరాలకు బలం లేదు, పెడళ్ళు సరిగా పనిచేయవు. ఆయనకు నడుము నొప్పి, నిద్రలేమి. వాయించనన్నాడు. ఆ పిల్ల బ్రతిమాలితే ఒప్పుకున్నాడు. 1,400 మందికి పైగా కూర్చున్న హాలులో, రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టి, ముందుగా వ్రాసుకున్నది ఏదీ లేకుండ, పలకని స్వరాలను తప్పించుకుంటూ, పలికే మధ్య స్వరాల మీదనే గంటకు పైగా వాయించాడు. పియానో ఒక్కటే ఉన్న ఆల్బమ్‌లలో అంత ఎక్కువగా అమ్ముడైనది వేరొకటి లేదంటారు.

"నీకు ఇది ఎందుకు నచ్చింది?" అని వృద్ధుడు అడిగాడు.

వాడు తలవంచుకొని, "మా ఊరి గుడిలో హార్మోనియం ఉందండి. అందులో మూడు రీడ్లు పలకవు. నేను దాని మీదే వాయిస్తాను" అన్నాడు.

మూడేళ్ళుగా మా సంఘంలో హార్మోనియం వాయించేది వీడే. రీడ్లు పలకవని నాకు తెలుసు, బాగుచేయించాలని కమిటీలో అనుకుంటూనే ఉన్నాము. కాని ప్రతి ఆదివారం వాడు ఆ పలకని రీడ్లను తప్పించుకుంటూ మాకు తెలియకుండ కీర్తన నడిపిస్తున్నాడని గాని, ఆ ఓపిక వానికి ఎక్కడ నుండి వస్తున్నదని గాని నేనెప్పుడూ ఆలోచించలేదు. దిక్కుమాలిన గోల అని నేను తెంచివేసిన తీగలో నుండి వచ్చింది బహుశా ఇదే.

నా వంతు వచ్చింది. నియమం ప్రకారం నచ్చింది ముందు చెప్పాను: "ఉన్నదానితోనే వాయించాడు, అది నాకు నచ్చింది." నచ్చనిది కూడ చెప్పాను: "వాయిస్తూ మధ్యలో ఆయన మూలుగుతున్నాడేమిటి?" అందరూ నవ్వారు. మా అబ్బాయి కూడ నవ్వాడు. వారం రోజుల తరువాత వాడు నవ్వడం అదే.

వచ్చేటప్పుడు ఆ వీధి చివరనే వానికి కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నాను. రాత్రి రైలులో వాడు ఒకటి తన చెవిలో పెట్టుకొని రెండవది నాకిచ్చాడు. ఒకే తీగకు కట్టిన రెండు ఎద్దులలాగ దగ్గరగా జరిగి కూర్చున్నాము. వాడు చెప్పాడు: 1979లో జపాను సోనీ కంపెనీ వారి మొదటి వాక్‌మాన్‌కు చెవి తీగలు పెట్టుకొనే రంధ్రాలు రెండు ఉండేవట. ఒక్కరే వింటే ప్రక్కవారిని చిన్నబుచ్చినట్లవుతుందని కంపెనీ పెద్దలలో ఒకరైన అకియో మొరీటా గారు తలచారట. ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక మీట కూడ ఉండేది. తరువాత వచ్చిన వాటిలో ఆ మీట పోయింది. యంత్రం చేసినవారికే ఆ దిగులు కలిగితే, ఇంటి పెద్దనైన నాకు ఎందుకు కలుగలేదు? తీగ తెంచడం తెలిసింది గాని, రెండవ కొస నాకివ్వరా అని అడగడం తెలియలేదు.

ఇంటికి వచ్చిన రెండవ రోజున భిలాయికి ఫోను చేశాను. క్షేమసమాచారాలు అయ్యాక, "అన్నయ్యా, ఒక మాట అడుగుతాను. నాన్నగారు పగులగొట్టిన ఆ ప్లేటులో ఏం పాట ఉందిరా?" అన్నాను.

చాలాసేపు అవతల మాట లేదు. ఫోను తెగిపోయిందనుకున్నాను. తరువాత అన్నాడు: "ఇన్నేళ్ళకు అడిగావురా నువ్వు. అది జోలపాట. ఒక తల్లి బిడ్డను నిద్రపుచ్చుతూ పాడుతుంది. అమ్మ పోయింది గదా, చెల్లి రాత్రిళ్ళు ఏడుస్తోందని కొన్నాను."

యాభై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఆ ప్లేటును గూర్చి ఎన్నో మాటలు నడిచాయి. అందులో ఏ పాట ఉందని ఒక్కరమూ అడగలేదు. వినకముందే జవాబు చెప్పేవానిని గూర్చి సామెతల గ్రంథం 18వ అధ్యాయం ఏమంటున్నదో మీకు తెలుసు. నేను దాని మీద ప్రసంగం కూడ చేశాను.

ఇప్పుడు మా ఊరిలో నాలుగు కుటుంబాలవారము నెలకొక శనివారం సాయంత్రం మా వసారాలో కలుస్తున్నాము. ఒక్కొక్క ఇంటివారు తాము ఆ నెల ఇష్టంగా విన్న ఆల్బమ్ ఒకటి తెస్తారు. పాత క్యాసెట్టు కావచ్చు, ఫోనులోనిది కావచ్చు. పెద్దలు తెస్తారు, పిల్లలూ తెస్తారు. నియమాలు కలకత్తా నియమాలే. అన్నీ నచ్చుతాయని చెప్పను. ఒకసారి ఒక కుర్రవాడు తెచ్చిన పాటలో స్త్రీలను కించపరచే మాటలు ఉన్నాయి. పూర్తిగా విన్నాము. విన్నాక మా ఆడపిల్లలే లేచి అది ఎందుకు నచ్చలేదో చెప్పారు. వాడు మరలా దానిని తేలేదు. నేను తెంచి ఉంటే వాడు చాటున వినేవాడు. పూర్తిగా విన్న తరువాత మనం చెప్పే మాటకు పిల్లలు చెవి ఇస్తారు.

హార్మోనియం రీడ్లు మూడూ బాగుచేయించాము. ఈస్టరుకు మా అన్నయ్య వచ్చాడు. శనివారం సాయంత్రం వసారాలో కూర్చోబెట్టి, నీ వంతు అన్నాము. తాను ఏ ఆల్బమూ తేలేదన్నాడు. మా అబ్బాయి హార్మోనియం ముందుకు జరిపి, "పెదనాన్నా, ఆ జోలపాట వరుస మీకు గుర్తుందా?" అని అడిగాడు.

గుర్తుంది. డెబ్బై దాటిన గొంతు వణికింది గాని శ్రుతి తప్పలేదు. మా చెల్లెలు స్తంభానికి ఆనుకొని కూర్చుని, చివరి దాక, కదలకుండ విన్నది.